డబ్బ మీది వెలుగు

వెలుగు లేని ప్రొజెక్టర్ అమ్మి, కండ్లున్న మనిషికి కండ్లు పోయినయని నమ్మించిండ్రు. జరిగిన అన్యాయం ఇది. దీన్ని ఏ ఠాణాల దొంగతనమని రాసుకోరు. రసీదు ఉన్నది, వారంటీ కాయితం ఉన్నది, డబ్బ మీద రంగురంగుల బొమ్మ ఉన్నది. లేనిది వెలుగొక్కటే.

ఇంట్ల చిన్న గది ఒకటి ఖాళీ కాంగనే హోం థియేటర్ పెట్టుకుందామని ఫోన్ల వెతికే పిల్లలు మీరు. "తాతా, తక్కువల మంచి ప్రొజెక్టర్ చెప్పు" అని నన్ను అడుగుతనే ఉంటరు. కంపెనీ పేరు నేను చెప్ప. ఇయ్యాల మంచి సరుకు చేసిన కంపెనీ రేపు అదే పేరు మీద చెత్త చేస్తది. పేరుకు బదులు ఒక ముచ్చట చెప్త. నేను పని చేసిన ఆఖరి దినాలది. ఇందుల మనుషుల పేర్లు సుత ఉండయి. అందరం బతికే ఉన్నం, అవే రోడ్ల మీద ఎదురుపడి రాం రాం చెప్పుకుంటున్నం.

నా బతుకంత సినిమా హాలు క్యాబిన్ల గడిచింది. మొదలు ఆదిలాబాద్‌ల, తర్వాత కరీంనగర్‌ల. బడికి పోయింది తక్కువ. తెలుగు గోడల మీది పోస్టర్లు చదివి నేర్చుకున్న, ఇంగ్లీషు మిషన్లతోటి వచ్చిన పుస్తకాలు చూసి నేర్చుకున్న. తెలువని మాటొస్తే డిక్షనరీ తీసుడు, అర్థమయ్యేదాక దాన్ని విడువకపోవుడు, నాకున్న ఒక్క రోగం. ఎవడో చదివి చెప్తే నమ్మే అలవాటు నాకు కాలే. దానికి నేను మస్తు తిట్లు తిన్న, అది వేరే లెక్క.

ఆదిలాబాద్ హాల్ల నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒకటే పరీక్ష పెట్టేటోడు. ఆట మొదలుగాక ముందు రీలు లేకుండ ఉత్త వెలుగు పర్దా మీదికి కొట్టి, నన్ను కిందికి తోలేటోడు. చేతికి ఒక న్యూస్ పేపరు ఇచ్చేటోడు. పర్దా ముందట నిలబడి, ఆ వెలుగుల సన్నక్షరాలు చదవాలె. చదవనొస్తే ఆట. రాకపోతే మళ్ల పైకెక్కి అద్దాలు తుడుసుడు. "బొమ్మ తర్వాత బేటా, ముందు రోష్ని" అనేటోడు. మిషన్లు మారినయి, దీపాలు మారినయి, గా పేపరు పరీక్ష మాత్రం నేను మార్చలే.

కంప్యూటర్ బొమ్మలొచ్చినంక క్యాబిన్‌ల మనిషితోటి పనిలేకుండ పోయింది. బటన్ ఒత్తుటానికి ఉస్తాద్ ఎందుకు? కరీంనగర్‌ల ఒక టీవీల దుకాణం మాలక్ నన్ను పిలిచిండు. ఇండ్లల్ల ప్రొజెక్టర్లు బిగించే పని. మాలక్ పడుచు మనిషి, ఊర్లె పొలాలున్న పటేలు ఇంటి పిల్లగాడు. తాతలు వడ్లు కొలిచి అమ్మిండ్రు, ఈయన టీవీలు అమ్మబట్టిండు. మేమందరం సేటు అనేది. మంచి మనిషే. ఒక్కటే గుణం, మాటకు భయపడ్తడు. సరుకు వాపసు తీసుకుంటడు గని, 'తప్పయింది' అనే మాట ఆయన నోట్లెకెల్లి రాదు.

ఇంకొకడు సేల్స్‌మన్. సాంచాలు నడిపే ఇంటి పోరడు. బాపు ఇంకా మరమగ్గాల మీదనే. వీనికి ఆ చప్పుడు పడలే, పట్నం వచ్చిండు. ఆ చప్పుడంత నోట్లె పెట్టుకొని వచ్చిండా అనిపించేది. వాడు మాట మొదలుపెడితే కొనటానికి రానోడు సుత సంచి తీసుకొని పోయేటోడు. నన్ను ఉస్తాద్ అనేటోడు. సగం గౌరవం, సగం ఎక్కిరింపు.

దుకాణం వెనుక ఒక గది ఉండె. గోడలు నలుపు, మీద సీలింగ్ నలుపు, కింద పరిచిన పట్ట నలుపు. కిటికీ లేదు. ప్రొజెక్టర్ చూస్తనన్నోన్ని అండ్లకు తీస్కపోయి తలుపు మూసేటోళ్లు. ఆ గదిల టార్చిలైటు సుత పొద్దు తీరు కనబడ్తది. నేను ఎన్నోసార్లు చెప్పిన: "సేటూ, జనం ఇండ్లు గిట్ల నల్లగుండయి. సున్నం గోడలుంటయి, కిటికీలుంటయి, వంటింట్లెకెల్లి లైటొస్తది. ఇక్కడ చూసి కొంటే ఇంట్ల కనబడది."

సేల్స్‌మన్ పోరడు నవ్వేటోడు. "ఉస్తాద్, పెండ్లి చూపులకు ఎవడన్న పొయ్యికాడ మసిబట్టిన పిల్లను చూపెడ్తడా?"

"చూపెట్టాలెరా. రేపటికెల్లి ఉండేది ఆడనే గదా."

"గందుకే ఉస్తాద్, మీరు బిగించుండ్రి, నేను అమ్ముత."

ఇగ మన ముచ్చట నడిపిన మాట 'సపోర్ట్'. ఆ ఏడు దుకాణంల ఒక చిన్న ప్రొజెక్టర్ పడ్డది. తక్కువ ధరది, తేలికది, చేతుల పట్టుకుంటే టిఫిన్ గిన్నె అంత. డబ్బ మీద 'ఫుల్ హెచ్‌డీ సపోర్ట్' అని పెద్దగ ఉన్నది. పిల్లలారా, ఈ మాట దగ్గర ఆగుండ్రి. సపోర్ట్ అంటే అంత సన్నటి బొమ్మను పంపితే వద్దనకుండ లోపలికి తీసుకుంటది అని. అంత సన్నగ గోడ మీద వేస్తది అని కాదు. నేను మా మేనల్లుని ఎలక్షన్ల సపోర్ట్ చేసిన. సర్పంచి నేను కాలే.

వెలుగు లెక్క సుత గంతే. డబ్బ మీద సున్నాలు ఎన్నున్నయో చూసి మురుస్తరు. అది లోపలి దీపం లెక్క. అద్దం దాటి గోడ మీద పడ్డ వెలుగును తొమ్మిది చోట్ల కొలిచి చెప్పే లెక్క వేరే ఉన్నది, దాన్ని ఆన్సీ అంటరు. ఆ మాట డబ్బ మీద లేకపోతే ఆ సున్నాలకు విలువ లేదు. మా పోరడు ఈ డబ్బలు మస్తు అమ్మిండు. కొన్నోళ్లు వారం దినాలు చూసి, అల్మార మీద పెట్టి, మరిచిపోయిండ్రు. ఎవ్వరూ లొల్లి చేయలే. ఒక్కరి ఇంట్ల మాత్రం వేరే తీరు అయింది.

ఆయన ఆదిలాబాద్ మనిషి. జిన్నింగు మిల్లుల పత్తి చూసేటోడు. బండ్లు, ట్రాక్టర్లు వరుసగ నిలబడితే కుప్పలకు చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, నీడకెల్లి ఎండలకొచ్చి, లేపి చూసేటోడు. ఒక చూపు. ఇది మొదటి ఏరుడు, ఇది మంచుకు తడిసింది, ఇది పాతదానిల కొత్తది కలిపింది. ఆయన అన్నంక మిల్లు సేటు తిరిగి అడగకపోయేది, రైతు సుత తిరిగి అనకపోయేది. "నీడల పత్తి, నోటి మాట, రెండు నమ్మద్దు" అనేటోడు.

నేను ఆదిలాబాద్ హాల్ల ఉన్నప్పుడు ఆయన ఆలుమొగలు ప్రతి కొత్త బొమ్మకు వచ్చేది. అట్ల దోస్తానా. ఆయన మరాఠీ అలవాటుతోటి నన్ను భావూ అంటడు, అంటే తమ్ముడని. ఆయన భార్య నన్ను అన్నా అంటది. ఆమె చెల్లె అయితే ఆయన నాకు బావ గదా, నేను బావా అంటా. ఇద్దరం ఒకల్లనొకలం దాదాపు ఒకటే మాట పిలుచుకుంటం, వరుస మాత్రం కలవది. "ముందు మీ వరుస తేల్చుకోండ్రి" అని చెల్లె నవ్వేది.

బావకు పనికెల్లి దిగే వయసు దాటినా, సీజన్ మొదలైతే మిల్లోళ్లు మనిషిని పంపేటోళ్లు. పోయి కుర్సీ మీద కూసొని చూసి చెప్తే చాలు. దాని మీదనే ఆయన పానం. రెండు కండ్లకు మోతిబిందు, అంటే శుక్లం పొర, వచ్చింది. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది, కుడిది కొన్ని నెలలాగి చేద్దామన్నరు. మంచిగ కోలుకున్నడు. ఆ సంబురంల, ఇంట్ల ఒకప్పుడు పత్తి బోరాలు వేసిన చిన్న గది ఖాళీగ ఉంటే, అండ్ల సినిమా పెట్టుకుందామని అనుకున్నడు. మేం చూసిన హాలు ఎప్పుడో ఫంక్షన్ హాలయింది. దుకాణానికి ఫోన్ చేసిండు. నేను అండ్ల ఉన్ననని చేసిండు.

ఆ దినం నేను ధర్మపురిల ఉన్న, మా ఇంటోళ్ల మొక్కు. ఫోను పోరడు ఎత్తిండు. టిఫిన్ గిన్నె అమ్మిండు. బస్సుల వేసి పంపిండు. నాకు చెప్పలే. చెప్పేంత సంగతి అనుకోలేదట.

కొన్ని దినాలకు చెల్లె ఫోన్ చేసింది.

"అన్నా, మీ బావ మిల్లుకు పోనంటుండు."

"ఎందుకే?"

"కండ్లు పోయినయంటుండు. మిల్లు మనిషొస్తే వాపసు తోలిండు. రెండో కంటి ఆపరేషన్ సుత వద్దంట. ఒకటి చేస్తేనే గిట్లయింది, రెండోది చేపించుకొని గుడ్డోన్ని కావాల్నా అంటుండు."

"డాక్టర్ దగ్గరికి పోయిండ్రా?"

"పోతే గదా! డాక్టర్ ఏం చెప్తడు, నాకు తెలుపు కనబడ్తలేదు అంటుండు. గా బొమ్మ మిషను తెచ్చినంకనే అన్నా. గోడ మీద ఎవడన్న తెల్ల ధోతి కట్టుకొని కనబడ్తే, తడిసిన పత్తి లెక్కున్నది, తడిసిన పత్తి లెక్కున్నది అని ఒకటే గోస."

"నీకెట్ల కనబడ్తుంది?"

"నాకు సుత మబ్బుగనే ఉన్నది. చెప్పిన. నీయి సుత పోయినయే అన్నడు."

ఇదే మాట ఇంకెవరింట్ల అయినా 'మిషన్ బాగలేదు' అయితది. ఆయన బతుకంత తెలుపు చూసిన మనిషి. తెలుపు తెల్లగ లేకపోతే ఆయన మిషన్‌ను అనుమానించలే, తన కంటినే అనుమానించిండు. పత్తి చూసేటోడు తప్ప ఇంకెవడూ చేయని పొరపాటు అది. దుకాణానికి ఫోన్ చేయలేదా అని అడిగిన. చేసిండంట. ఎవరో పిల్లగాడు మాట్లాడిండంట. ఏమన్నడో చెల్లె చెప్పింది. నేను ఫోన్ పెట్టేసి పోరన్ని వెతుక్కుంట పోయిన.

పోరడు నల్ల గదికాడ చాయ్ తాగుతుండె.

"ఆదిలాబాద్ కాక ఫోన్ చేసిండా?"

"చేసిండు ఉస్తాద్. మసకగున్నదన్నడు."

"నువ్వేమన్నవ్?"

"కాకా, ఈ నడుమ కండ్ల ఆపరేషన్ గిట్ల అయిందా అని అడిగిన. అయిందన్నడు. గట్లయితే కొన్ని దినాలు గట్లనే ఉంటది అన్న."

"డాక్టరు చదువు ఎప్పుడు చదివినవ్‌రా?"

"ఉస్తాద్, నేను డబ్బ మీద ఏమున్నదో గదే చెప్పి అమ్మిన. నా తప్పేమున్నది?"

"ఆయన కండ్ల సంగతి ఏ డబ్బ మీదున్నది?"

వాడు చాయ్ గిలాస కింద పెట్టిండు. సగం చాయ్ అట్లనే విడిచి దుకాణంలకు పోయిండు.

సేటు దగ్గరికి పోయిన. సంగతి మొత్తం విన్నడు. మంచిగనే విన్నడు. "ఫికర్ చేయకు కాకా. వాపసు తెప్పిద్దాం. వేరేది పంపుదాం. మనకేం ఇజ్జత్ కా సవాల్ కాదు" అన్నడు.

"వాపసు కాదు సేటూ. ఆ మనిషికి పోయి చెప్పాలె. మీ కండ్లు బాగున్నయి, మా సరుకు బాగలేదు అని."

"గది మాత్రం వద్దు. మార్చుడు మారుద్దాం. గీ తప్పు గిప్పు అనే మాట ఎందుకు? ఈయనకు అంటే రేపు కొన్నోళ్లందరు వస్తరు."

"రావాలె గదా."

"కాకా, నువ్వు జర పరేషాన్ల ఉన్నవ్. ఇంటికి పో."

నేను పోలే. ఆ దినమే కంపెనీకి ఒక ప్రశ్న రాసిన. వాళ్ల వెబ్‌సైట్‌ల ఫిర్యాదు రాసే జాగ ఉంటది, అండ్ల నా చేతనైన ఇంగ్లీషుల ఒకటే అడిగిన: మీ ప్రొజెక్టర్ అద్దం దాటి గోడ మీద పడే వెలుగు నిజానికి ఎంత? జవాబు రాలే. మళ్ల రాసిన. రాలే. ఎన్నిసార్లు రాసిన్నో నాకే తెలువది. పట్టిన పట్టు విడువకపోవుడు నాకు కొత్త కాదు.

ఆ దినాలల్లనే ఒక పొద్దుగాల పోరడు దుకాణం వ్యాను తీసి నా ఇంటి ముందట నిలబెట్టిండు. "ఎక్కు ఉస్తాద్, ఆదిలాబాద్ పోదాం" అన్నడు. సేటుకు ఏం చెప్పిండో నేను అడుగలే. వెనుక వేరే ప్రొజెక్టర్ ఉన్నది, నేను ఎన్నడో ఎంచి పక్కకు పెట్టింది. ఆఫీసులకు, బడులకు పోయే రకం. అందం లేదు. డబ్బ మీద హీరో లేడు. అంకె చిన్నది, గని పక్కన ఆన్సీ అనే మాట ఉన్నది. ఫుల్ హెచ్‌డీ కాదు, కాదనే చెప్తది. ధరల టిఫిన్ గిన్నెకు దీనికి పెద్ద ఫరక్ లేదు.

గోదావరి దాటేదాక పోరడు మాట్లాడిండు. నిర్మల్ ఘాట్ ఎక్కినం. దిగినంక అన్నడు, "మా బాపుకు సుత కనబడ్తలేదు ఉస్తాద్. పోగు తెగితే చేతితోటి దేవులాడ్తుండు."

పోయేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. బావ అర్రల కూసొని ఉన్నడు, మొకం గోడ దిక్కు.

"కాయ్ భావూ, ఏంది ఇంత దూరమొచ్చినవ్?"

"నీ సినిమా హాలు చూద్దామని."

"నువ్వు చూసుకో. నాకు చూపెట్టకు."

కిటికీకి దుప్పటి కట్టిన. టిఫిన్ గిన్నె పెట్టి, బొమ్మ లేకుండ ఉత్త తెలుపు గోడ మీదికి కొట్టిన. పోరని చేతుల పేపరు పెట్టిన. "గోడకాడ నిలబడి చదువు."

"పెద్దక్షరాలు కనబడ్తున్నయ్ ఉస్తాద్."

"పెద్దక్షరాలు చీకట్ల సుత కనబడ్తయి. సన్నయి చదువు."

పేపరు ముక్కు దాక తెచ్చుకున్నడు. గోడకు ఇంకింత దగ్గర జరిగిండు. చదవలేకపోయిండు. చెల్లె గడప మీద నిలబడి చూస్తుంది. "ఇగో, పోరనివి లేత కండ్లు గదా, వీనికే కనబడ్తలేదు" అన్నది లోపలికి వినబడేటట్టు.

"ఇప్పటి పోరగాండ్ల కండ్లు ఫోన్లు చూసి ఎప్పుడో పోయినయ్" అని బావ అర్రలకెల్లి జవాబిచ్చిండు.

నా ఉస్తాద్ పరీక్ష ఆ ఇంట్ల పనిచేయలే. అది నా పరీక్ష, ఆయనది కాదు. వేరే చెప్పేది నాకు తోచలే. చెల్లెకు తోచింది. దేవునర్రలకు పోయి వత్తులు చేసే పత్తి కొంచెం తెచ్చింది. పక్కింట్ల చేనుకాడికెల్లి తెచ్చిన కొత్త పత్తి ఇంకొంచెం అడుక్కొచ్చింది. రెండు చేతుల రెండు పట్టుకొని పోయి మొగని ముందట నిలబడ్డది.

"ఏంది గిది?"

"నాకు తెలుస్తలేదు. ఏది దీపానికి మంచిదో చెప్పు."

"కండ్లు లేనోన్ని అడుగుతవేందే?"

"కండ్లు లేకుంటే చేతులతోటి చెప్పు. నీకు చేతులు సుత పోయినయా?"

ఆయన రెండు తీసుకున్నడు. తీసుకున్నంక చేతులు ఆయన మాట వినలే. లేచిండు. నీడల పత్తి చూసే అలవాటు లేదు గదా, వాకిట్లకు, ఎండలకు పోయిండు. పోగు గుంజి లేపిండు. ఎడమ కన్ను మూసిండు, కుడిది మూసిండు. మళ్ల మార్చిండు. మేము ముగ్గురం తలుపుకాడ.

"ఇది మొదటి ఏరుడు. మంచి సరుకు" అన్నడు ఒకదాన్ని. రెండోదాన్ని నలిపిండు. "ఇది పాతది. తడి తగిలింది. దేవునికి గిదే పెడ్తున్నవా? ఆయనకు కండ్లు లేవనుకున్నవా?"

"పాతదే" అన్నది చెల్లె. "నిరుడుది."

"కుడి కంటికి రెండు పసుపే. ఎడమ కంటికి తేడా కనబడ్తుంది" అని అనుకుంట, ఆయన మాట మధ్యల ఆగిపోయిండు. ఆగి, ఆ కొత్త పత్తి పిడికిట్ల పట్టుకొని, మమ్ములను జరగమనకుండనే జరిపి, సినిమా గదిలకు పోయిండు. టిఫిన్ గిన్నె వెలుగుల గోడ మీద పత్తి పెట్టిండు. వాకిట్ల పాల లెక్క ఉన్న పత్తి అక్కడ తడిసిన బూడిద లెక్క అయింది. బయటికి తెచ్చి చూసిండు, తెలుపు. మళ్ల లోపలికి, బూడిద. ఆయన పత్తి దిక్కు చూసిండు, గోడ దిక్కు చూసిండు, ఆఖరికి మా పోరని దిక్కు చూసిండు.

పోరడు గోడకు ఆనుకొని ఉన్నడు. సేటు వద్దన్న మాట వానికి తెలుసు. అన్నడు:

"కాకా, మీ కండ్లు కాదు. మా డబ్బ. ఆనాడు ఫోన్ల మాట్లాడింది నేనే."

బావ పత్తి చెల్లె చేతుల పెట్టి అన్నడు, "జర ముందుగాల చెప్పొద్దారా పోరగా, ఆదిలాబాద్ పత్తంత నన్ను అడుగకుండనే అమ్ముడుపోతుండె."

కోపం చేస్తడనుకున్న. చేయలే. అప్పుడు నాకు చిన్న నిరాశ అయింది, దాచుడెందుకు. వాన్ని తిట్టాలెనని దారి పొడుగున నేను తయారు చేసుకున్న మాటలు నాకే మిగిలిపోయినయి.

కొత్తది బిగించినం. ఇగ మీకు పనికొచ్చే సంగతి ఇక్కడున్నది, వినుండ్రి. గోడ నిండ బొమ్మ కావాలెనని బావ అన్నడు, నేను వద్దన్న. చిన్న గదిల బొమ్మ ఎంత పెద్దగ చేస్తే వెలుగు అంత పలచబడ్తది, అంబలిల నీళ్లు పోసినట్టు. గోడల సగం చాలు. వెలుగు చిక్కగుంటే చిన్న బొమ్మ సుత పెద్దగ కనబడ్తది. కిటికీకి మందం పర్ద కట్టుకోండ్రి. గది ఎంత పొడుగున్నదో కొలుచుకొని, అంత దూరంకెల్లి మీకు కావాల్సిన బొమ్మ పడ్తదా లేదా అని కొనక ముందే అడుగుండ్రి. ఫ్యాను చప్పుడు వినుండ్రి. దుకాణంల నల్ల గదిల చూపెడితే, తలుపు తీసి చూపెట్టమనుండ్రి. 'మేం తియ్యం' అంటే లేచి రాండ్రి. అన్నిటికంటే ముందు చేతుల ఒక పేపరు పట్టుకొని పోండ్రి.

పోరడు వ్యాన్‌లకెల్లి ఒక తెల్ల బట్ట తెచ్చిండు. వాళ్ల సాంచాల మీద నేసిందంట, బొమ్మ పడే పర్దా లెక్క గోడకు కట్టుటానికి. బావ దాన్ని రెండు వేళ్ల నడుమ పెట్టి రుద్దిండు.

"ఇది పత్తి కాదురా. పాలిస్టరు."

"పత్తిని సపోర్ట్ చేస్తది కాకా" అన్నడు వాడు.

ఆ మాటకు నేను గూడ నవ్విన. దుకాణంల నేను ఎప్పుడూ తిట్టే మాటనే వాడు దొంగిలించి నా ముందటనే అమ్మిండు.

బావ ఆ వారమే మిల్లుకు పోయిండని చెల్లె చెప్పింది. సేటు మా ఇద్దరిని ఏమీ అనలే, పోరని తోటి మాత్రం కొన్ని దినాలు పుల్లవిరుపుగ మాట్లాడిండు. నల్ల గదికి కిటికీ పెట్టియ్యలే. గోడలకు మాత్రం సున్నం వేయించిండు, ఎందుకని ఎవరికీ చెప్పలే. ఆయనకు చాతనైన తప్పొప్పుకోలు గదే అని నేను అనుకున్న. తర్వాత నేను పని మానుకున్న, మోకాళ్లు నిచ్చెన ఎక్కనిస్తలేవని. పంతానికి కాదు. టిఫిన్ గిన్నెలు ఇంకా అమ్ముతనే ఉన్నరు, ఈ దుకాణంల కాకపోతే ఇంకోదాంట్ల. డబ్బ మీద సున్నాలు ఇంకా పెరిగినయి.

పత్తి సీజన్ అయిపోయినంక, నేను మరిచిపోయిన దినాన, కంపెనీకెల్లి జవాబొచ్చింది. నా ప్రశ్న అండ్ల లేదు. మా సరుకు అన్ని పరీక్షలు దాటి వస్తది అని ఉన్నది. వెలుగు అనేది చూసే మనిషిని బట్టి ఉంటదని ఉన్నది. గది ఇంకా చీకటి చేసుకోమని ఉన్నది. అప్పటికీ మసకగనే ఉంటే కండ్ల డాక్టరుకు చూపెట్టుకొమ్మని సలహా ఉన్నది. డిక్షనరీ తీయాల్సిన మాట ఒక్కటి లేదు.

అప్పటికి నాకు కోపం తెచ్చుకునే ఓపిక సుత తగ్గింది. బావకు ఫోన్ చేసి, ఒక్కొక్క ముక్క తెలుగు చేసి చదివి వినిపించిన. ఆయన మిల్లుల ఉన్నడో ఇంట్ల ఉన్నడో, వెనుక ఏదో చప్పుడు. మొత్తం విన్నడు. విన్నంక అన్నడు:

"వాళ్లకు రాయి భావూ. డాక్టరుకు చూపెట్టుకున్న, రెండో కంటికి సుత ఆపరేషన్ అయింది. ఇప్పుడు మీ డబ్బ ఇంకింత మసకగ కనబడ్తుంది అని."